దుఃఖించువారి ప్రక్కను కూర్చుండుట



మన పల్లెలలో ఒక యింట మరణము సంభవించినయెడల ఊరంతయు కదలివచ్చును. పెట్టె చేయించువారు, గొయ్యి త్రవ్వువారు, కీర్తనలు పాడువారు, ఎవరి పని వారెరుగుదురు. అయితే ఏడ్చుచున్నవారితో ఏమి మాటలాడవలెనో మనమెరుగము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక తల్లి తన యేకైక కుమారుని చెరువులో పోగొట్టుకొనెను. నేను ఆమె యొద్దకు వెళ్లి, "ఏడవకుమమ్మా, ఇది దేవుని చిత్తము; విశ్వాసులు ఇట్లు దుఃఖింపరాదు" అని చాలసేపు బోధించితిని. ఆమె తల వంచుకొని వినెను. ఏడాది గడచిన తరువాత ఆమె నాతో, "అయ్యగారూ, ఆ రోజు మీరు చెప్పిందొక్కటీ నాకు గుర్తు లేదండీ. పక్కింటి అవ్వ వచ్చి మా గేదెకు మేత వేసి, నా తల దువ్వి, నా పక్కనే పడుకుంది. అది మాత్రం మరచిపోలేను" అనెను. నేను సిగ్గుపడితిని.

కన్నీరు అవిశ్వాసమా? లాజరు సమాధిలో నుంచబడి 4 దినములైన పిమ్మట ప్రభువు బేతనియకు వచ్చెను. కొంతసేపటిలో అతనిని లేపబోవుదునని ఆయనకు తెలియును. అయినను మరియ యేడ్చుట చూచి ఆయనయు ఏడ్చెను. ఇశ్రాయేలీయులు మోషే కొరకు 30 దినములు దుఃఖించిరి. స్తెఫనును సమాధిచేసిన భక్తిపరులును మిక్కిలి ప్రలాపించిరి. పునరుత్థానమందు నిరీక్షణ గలవారికిని ఎడబాటు ఎడబాటే గదా! వారి కన్నీటిని ఆపుటకు మనకు సెలవు లేదు.

యోబు స్నేహితులు ముగ్గురును 7 పగళ్లు, 7 రాత్రులు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలు అంతయు అదియే. తరువాత నోరు తెరచి, అతని పాపమేమో వెదకసాగిరి. తుదకు దేవుడు వారినే గద్దించి, యోబు వారికొరకు ప్రార్థింపవలెనని సెలవిచ్చెను. "ఎందుకు?" అను ప్రశ్నకు యోబునకే జవాబు చెప్పబడలేదు. మనము చెప్పబూనుట ఎట్లు? "ఇంకను గట్టిగా ప్రార్థించియుంటే బిడ్డ బ్రదికెడివాడు" అనుమాట పుండుమీద కారము చల్లుటయే.

ఆదరణ కూడిక ముగిసి, బంధువులు వెళ్లిపోయిన పిమ్మటనే అసలైన ఒంటరితనము మొదలగును. అప్పుడు వెళ్లుడి. కుండెడు నీళ్లు తెచ్చిపెట్టుడి. నాట్లవేళ ఒక పూట కూలి విడిచి వారి మడిలో దిగుడి. చనిపోయినవారి పేరు పలుకుటకు జంకకుడి. దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపి యేడ్చిరి. ఆలాగు చెప్పుకొనుటలో ఉపశమనమున్నది. విధవరాలిని పెండ్లి పందిటికి దూరముగా నుంచు దురాచారము ఇంకను మన సంఘములలో కొన్నిచోట్ల నున్నది. ఆమెను పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టుడి. క్రిస్మసు దినమున ఆ యింటి గడప తప్పక త్రొక్కుడి.

ఎవరైనను నెలలు గడచినను అన్నము, నిద్ర మాని, చావును గూర్చి మాటలాడుచున్నయెడల వారిని ఒంటరిగా విడువకుడి. వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవుడి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416నకు ఫోను చేసినయెడల ఏ వేళనైనను ఉచితముగా సలహా దొరకును. వైద్యుని సహాయము కోరుట విశ్వాసలోపము కాదు.

ప్రియులారా, ఈ వారము మీ వీధిలో దుఃఖించు యిల్లు ఏది? బోధించుటకు మాటలు లేవని వెనుదీయకుడి. ఆ అవ్వకును మాటలు లేవు. ఆమె వెళ్లి ప్రక్కను పండుకొన్నది. బేతనియలో ఏడ్చిన ప్రభువు మీతోకూడ ఆ యింటికి వచ్చునుగాక.