చెవుల్లో దూది

నిమిరితే సగం జబ్బు పోతుందని మా ఇళ్లలో అంటారు. నేనూ ఎంతోమందితో అన్నాను. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బాలానగర్‌లో మా లేత్ షెడ్డు వెనక మూతపడ్డ ప్రెస్ షాపు ఒకటి ఉండేది. దాని షట్టరుకు వీపు ఆనించి, మడిచిన గోనెసంచి మీద కూర్చున్న చాచా కళ్ల ముందు మెదులుతాడు. ప్రాణంగా పెంచుకున్న గుర్రం షట్టరుకు అటువైపు, ఆయన ఇటువైపు. ఆరు వారాలు ఒక్కసారి కూడా లోపలికి పోలేదు, పేరు పెట్టి పిలవలేదు. దగ్గు వస్తే లేచి రోడ్డు మీదికి పోయి దగ్గి వచ్చేవాడు. అది ప్రేమ అనడానికి నాకు ఏ అనుమానమూ లేదు, ఆయన ముఖం నేను చూశాను కాబట్టి. కానీ గుర్రం చూడలేదు కదా. దాని వైపు నుంచి అది ఏమిటి? ఈ ప్రశ్న ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు.

ఆ గుర్రం పేరు గులాబీ, పెళ్లి గుర్రం. ఒళ్లంతా తెలుపు, మూతి మాత్రం లేత గులాబీ రంగు, అందుకే ఆ పేరు. ఫతేనగర్, మూసాపేట, కూకట్‌పల్లి, బోయిన్‌పల్లి వైపు ఎంతమంది పెళ్లికొడుకులను మోసిందో లెక్కలేదు. బ్యాండు మేళానికీ టపాసులకూ బెదిరేది కాదు. చాచా చెయ్యి మెడ మీద ఉంటే చాలు, చుట్టూ లోకం కూలినా నిలబడేది.

2020 మార్చి మొదట్లో ఒక బరాత్ ముగించుకుని వస్తూ కుంటింది. గిట్ట ఎత్తి చూస్తే, లోపలి మెత్తటి భాగంలో ఇనుప చుట్ట గుచ్చుకుని ఉంది. లేత్ మీద ఇనుము కోస్తుంటే రాలుతుందే, అది, చిటికెన వేలంత. చాచా లాగేసి, పసుపు అద్ది, కట్టు కట్టాడు. రెండు రోజుల్లో నడక సర్దుకుంది. బాలానగర్ మట్టిలో ఇనుము ఎక్కడ లేదు? అది మా షెడ్డు ముందే గుచ్చుకుందో, ఇంకో సందులోనో ఎవరూ చెప్పలేరు. చాచా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. మా నాన్నా ఎత్తలేదు. అయినా మా ముగ్గురి మధ్యా ఆ మాట ఎప్పుడూ ఉండేది.

పన్నెండు రోజులకు గులాబీ దాణా నోట్లో పెట్టుకుని నమలలేక వదిలేసింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి, తోక కాస్త పైకి లేచి అలాగే నిలిచిపోయింది, నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి కొయ్యగుర్రంలా నిలబడింది. పశువైద్యుడు వచ్చి గడ్డం కింద వేలితో మెల్లగా తట్టాడు. కంటి మూల నుంచి తెల్లటి పొర ఒకటి సర్రున కంటి మీదికి వచ్చి వెనక్కి పోయింది. గుర్రానికి మూడో రెప్ప ఉంటుందని నేను ఆ రోజే తెలుసుకున్నాను. ఇంకేం చూడనక్కర్లేదన్నట్టు ఆయన తల ఊపి, ధనుర్వాతం అన్నాడు.

ఆ క్రిమి మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయం దొరికితే పెరుగుతుంది. అది వదిలే విషం నరాల వెంట పాకి, కండరాలను అదుపులో పెట్టే పగ్గాన్ని తెంచేస్తుంది. అప్పుడు చిన్న చప్పుడైనా, వెలుగైనా, చెయ్యి తగిలినా ఒళ్లంతా విల్లులా బిగుసుకుంటుంది. పశువులన్నిటిలో గుర్రానికే ఈ విషం ఎక్కువ సోకుతుంది. జబ్బు వచ్చినవాటిలో సగానికి పైగా పోతాయి. నిలబడి ఉన్నంతసేపే ఆశ, పడిపోతే లేవడం కష్టం అన్నాడు డాక్టరు. పెన్సిలిన్ ఇచ్చాడు, విషానికి విరుగుడు సీరం ఇచ్చాడు, మత్తు సూది ఇచ్చాడు. ఆపైన చీకట్లో ఉంచమన్నాడు, చెవుల్లో దూది పెట్టమన్నాడు. మెడ వంగదు కాబట్టి నీళ్ల బకెట్టు ఛాతీ ఎత్తున కట్టమన్నాడు. రోజుకు రెండుసార్లు, ఒకే మనిషి, ఒకే వేళకు వెళ్లాలి. చివరికి చాచా వైపు తిరిగి అన్నాడు: "మీరు మాత్రం పోవద్దు. మీ అడుగు వినపడితే అది మీ దగ్గరికి రావాలని చూస్తది. కదలబోతే బిగుసుకుంటది."

అలా ఆ పని నాకు వచ్చింది. హైటెక్ సిటీలో నా ఆఫీసు కరోనా వల్ల అప్పటికే ఇంటి నుంచి పని చేసుకోమంది, ఖాళీ ఉంది. అసలు కారణం అది కాదు. గులాబీకి నేనంటే ఏమీ లేదు, నాకు గులాబీ అంటే పెద్దగా ఏమీ లేదు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఆశ లేదు కనుక నేను పనికొచ్చాను.

మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఆ పొద్దున బాలానగర్ నిశ్శబ్దంగా ఉంది. ప్రెస్సుల మోత లేదు, లారీలు లేవు, నర్సాపూర్ చౌరస్తా దగ్గర ఫ్లైఓవర్ పని ఆగింది, మెట్రో ఆగింది. "నలభై ఏండ్లల్ల ఇట్ల ఎన్నడు లేకుండె" అన్నాడు నాన్న. చాచా ఆకాశానికి రెండు చేతులూ ఎత్తాడు. తన గుర్రం కోసమే ఊరు ఊరంతా నోరు మూసుకుందని ఆయన నిజంగా నమ్మాడు. ఆ కొన్ని గంటలు నేనూ నమ్మాను.

సాయంత్రం 5 గంటలకు పళ్లేలు మోగాయి. జబ్బుపడ్డవాళ్లకు సేవ చేస్తున్న డాక్టర్లకూ నర్సులకూ కృతజ్ఞతగా మోగాయి. డాబాల మీద స్టీలు పళ్లేలు, గరిటెలు, పూజ గంటలు, ఎక్కడో శంఖం. అప్పుడు నేను లోపలే ఉన్నాను, ఉలవల జావ గిన్నె చేతిలో ఉంది. కిటికీలకు కొట్టిన గోనె సందుల్లోంచి పడే సన్నటి వెలుతురులో, తెల్లటి చర్మం కింద కండలు ఒక్కొక్కటే గడ్డకట్టుకుంటూ పోవడం కనిపించింది. ముందు మెడ, తర్వాత వీపు, తర్వాత తొడలు. మూడో రెప్ప కన్ను మొత్తం కప్పేసింది. పొట్ట కింద నుంచి చెమట చుక్కలు చుక్కలుగా సిమెంటు నేల మీద పడుతోంది. ఒరుగుతుందేమో అనిపించి నా చెయ్యి దానంతటదే లేచింది. వెంటనే దించుకుని గోడకు అతుక్కుపోయాను. అప్పుడు చూశాను: షట్టరు కింద నాలుగు వేళ్ల సందులోంచి చాచా వేళ్లు లోపలికి వచ్చి ఉన్నాయి. రెండు చేతుల వేళ్లూ. గచ్చును పట్టుకుని తెల్లబడి ఉన్నాయి. అంతకు మించి లోపలికి రాలేదు.

మోత ఆగాక చాలాసేపటికి బయటికి వచ్చాను. "పడ్డదా?" అన్నాడు. "లేదు చాచా, నిలబడే ఉంది." "చెవులల్ల దూది సక్కగ ఉన్నదా?" ఉందన్నాను. ఆయన చేతులు దులుపుకుంటూ, "నా చెయ్యే దానికి ముల్లయింది బేటా" అన్నాడు.

మన సేవను మనం ఎప్పుడూ చేసేవాడి వైపు నుంచే కొలుస్తాం. పుణ్యం అంటాం, రుణం తీర్చుకోవడం అంటాం, ఫలం ఆశించకుండా చెయ్యమంటాం. నిష్కామకర్మ ఎంత గొప్ప మాటైనా, అందులో అందుకునేవాడు ఎక్కడున్నాడు? ఫలం నాకు అక్కర్లేదు సరే, నా పని అవతలి ప్రాణానికి ఏ రూపంలో చేరింది అన్న ప్రశ్నే అక్కడ లేదు. చాచా చేసినదాంట్లో ఆశ లేశమైనా లేదు. గులాబీకి చేరింది మాత్రం ఏమిటి? మెడ మీద ఎప్పుడూ ఉండే చెయ్యి, ఒళ్లు విరిగిపోతున్న వేళ, లేకుండా పోవడం. ఆ లేకపోవడమే మందు అని దానికి ఎవరు చెప్పాలి? మనం దాన్ని నోరులేని జీవం అంటాం. దానికి నోరుంది. సకిలిస్తుంది, గుర్రుమంటుంది, చాచా స్కూటర్ చప్పుడు వీధి మలుపులోనే పసిగట్టి పిలుస్తుంది. నోరు లేనిది మనకు. దానికి ఒక్క కారణం చెప్పడానికి మన దగ్గర మాట లేదు.

తెలియాల్సిన పనేముంది అని కూడా వాదించుకున్నాను. నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటుడి గుర్రాలను సాకాడు. ఆ చెయ్యి పాండవుడిదని గుర్రాలకు తెలుసా? దాణా అందింది, గాయం మానింది. ఈ వాదన నాకు రెండు రోజులు సరిపోయింది. తర్వాత తోచింది: ఆ గుర్రాలకు నకులుడు ముందు తెలియదు. గులాబీకి చాచా తెలుసు. ఎవరో తెలియనివాడు దాణా పెట్టడం వేరు, తెలిసినవాడు రాకపోవడం వేరు.

డాక్టరు ఎక్కించిన విరుగుడు సీరం గురించీ చాలా ఆలోచించాను. అది గుర్రం నెత్తురులోంచి తీసిందే. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో కనిపెట్టిన దారి అది: బతికున్న జంతువుకు విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే దాని నెత్తురులో విరుగుడు పుడుతుంది, ఆ విరుగుడు ఇంకో ప్రాణాన్ని కాపాడుతుంది. అప్పటి నుంచి గుర్రాలు ఈ పని చేస్తున్నాయి. మన పొలాల్లో పాము కాటుకు ఇచ్చే మందూ వాటి నెత్తురే. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో జిమ్ అనే గుర్రం ఉండేది. పాల బండి లాగి లాగి ముసలిదయ్యాక డిఫ్తీరియా విరుగుడు కోసం నెత్తురు ఇచ్చింది. 1901లో దానికే ధనుర్వాతం వచ్చింది. జిమ్‌ను చంపేశారు. కానీ అప్పటికే తీసిన సీరం సీసాలు బయటికి వెళ్లిపోయాయి, దాంతో 13 మంది పిల్లలు పోయారు. ఇలాంటి మందుల తయారీ మీద అమెరికాలో 1902లో చట్టం రావడానికి ఇదీ ఒక కారణం. జిమ్‌కు తాను ఎంతమంది పిల్లలను బతికించిందో తెలియదు, ఎంతమంది తన వల్ల పోయారో తెలియదు. గులాబీ ఒంట్లో తిరిగిన సీరం ఏ లాయంలో నిలబడ్డ ఏ గుర్రానిదో మాకూ తెలియదు. చాచా తాకలేని రోజుల్లో దాన్ని లోపలి నుంచి తాకింది ఆ గుర్రం ఒక్కటే. ఇలా అనుకున్నప్పుడు, తెలియడం అనేదానికి నేను మరీ ఎక్కువ విలువ ఇస్తున్నానేమో అనిపిస్తుంది. కానీ ఎక్కువసేపు అలా అనిపించదు. షట్టరు కింది వేళ్లు గుర్తొస్తాయి.

గులాబీ బతికింది. ఏప్రిల్ మధ్యకు దవడ కాస్త వదులైంది, నానబెట్టిన తవుడు మింగింది. రంజాన్ మొదలైన వారం తర్వాత, మే మొదట్లో, ఇక పోవచ్చన్నాడు డాక్టరు. చాచా ఉపవాసంలో ఉన్నాడు. చెప్పులు బయటే విడిచి, అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని, గోడ వెంబడి మెల్లగా వెళ్లాడు. గులాబీ తల తిప్పింది. చెయ్యి వాసన చూసింది. ఆ గులాబీ రంగు మూతితో బెల్లం తీసుకుని, నమిలి, ఇంకా ఉందేమోనని అరచెయ్యి నాకింది. అంతే. సకిలించలేదు, ముఖం తిప్పుకోలేదు. నిన్న సాయంత్రమే వదిలి వెళ్లిన మనిషి దగ్గర ఉన్నట్టే ఉంది. బయటికి వచ్చాక చాచా నన్ను అడిగాడు: "గుర్తువట్టిందంటవా బేటా?" పట్టిందన్నాను. నిజానికి నాకు తెలియలేదు. క్షమించిందా, మరిచిపోయిందా, అసలు విడిచిపెట్టారని అనుకోనే లేదా, ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు మే నెలలో నాన్న పదకొండు రోజులు కోవిడ్ వార్డులో ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, ఫోన్ మాట్లాడే ఓపిక లేదు. ఆస్పత్రి గేటు ఎదుటి ఫుట్‌పాత్ మీద నేను చాచాలాగే కూర్చున్నాను. ఆ పదకొండు రోజులూ నన్ను నిలబెట్టింది ఒక్కటే: మనిషికి చెప్పొచ్చు. స్ట్రెచర్ ఎక్కించే ముందే ఆయన చెవి దగ్గర చెప్పాను, లోపలికి రానివ్వరు నాన్నా, గేటు దగ్గరే ఉంటాం అని. గులాబీకి దక్కనిది నాన్నకు దక్కింది, కారణం దక్కింది. నా ప్రశ్నకు సగం జవాబు దొరికిందనే అనుకున్నాను. నాన్న తిరిగొచ్చి, పెరుగన్నం తిని, షెడ్డు తాళాలు అడిగాడు. ఆ రోజుల గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

గులాబీ సంగతి జరిగినప్పటి నుంచి నాన్నకు ఒక అలవాటు. పాత స్పీకర్ అయస్కాంతాన్ని కర్ర చివర వైరుతో కట్టుకున్నాడు. పొద్దుగూకే వేళ షెడ్డు ముందు నుంచి మలుపు దాకా రోడ్డు మీద దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తాడు. కర్ర చివర ఇనుప చుట్టలు గుత్తులుగా వేలాడతాయి. మొన్నొక ఆదివారం వెనకాలే డబ్బా పట్టుకుని నడుస్తూ అడిగేశాను.

"నాన్నా, ఆస్పత్రిల ఉన్నప్పుడు మేం రాలేదని అనిపించిందా?"

"రానియ్యరు గదా. నువ్వు చెప్పే తోలినవ్."

అయస్కాంతం ఇంకో నాలుగడుగులు సాగింది.

"తెల్సు బిడ్డా. తెల్సినా, కండ్లు తెరిస్తే తలుపు దిక్కే చూసేటోణ్ణి."

కర్ర ఎత్తి, గుత్తిని పిడికిలితో ఒలిచి, నా డబ్బాలో వేశాడు.