బయటికి వచ్చే దారి

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. కొత్త కోడ్ సర్వర్ మీదకి ఎక్కించే ముందు, అది బెడిసికొడితే పాతదానికి ఎలా వెనక్కి వెళ్తామో రాసి చూపించాలి. దాన్ని రోల్‌బ్యాక్ ప్లాన్ అంటాం. అది లేకపోతే ఎంత తొందర పనైనా ఆగాల్సిందే. గర్భనిరోధక ఇంప్లాంట్ల గురించి చదువుతున్నప్పుడు నాకు ఈ నియమమే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

ఇంప్లాంట్ అంటే అగ్గిపుల్లంత మెత్తటి కడ్డీ. మోచేతికి పైన, లోపలివైపు చర్మం కింద పెడతారు. రకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్ళు గర్భం రాకుండా చూస్తుంది. పెట్టడం కొద్ది నిమిషాల పని. తీయాలంటే మత్తు సూది, చిన్న కోత, చేయి తిరిగిన మనిషి కావాలి. కడ్డీ లోతుగా దిగిపోతే స్కానింగ్ కూడా అవసరం.

2013లో గేట్స్ ఫౌండేషన్ లాంటి దాతలు ఇన్ని కొనిపిస్తామని కంపెనీలకి హామీ ఇచ్చి, పేద దేశాలకి ఒక్కోదాని ధరని దాదాపు సగానికి, అంటే ఎనిమిదిన్నర డాలర్లకి దింపారు. ఆఫ్రికాలో వాడకం బాగా పెరిగింది. ఇథియోపియా అయితే 2009 నుంచే ఊళ్ళలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకి వీటిని పెట్టడం నేర్పించింది. మంచి పనే. కాకపోతే తీయడం మొదట్లో వాళ్ళకి నేర్పలేదు, దానికి పై ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. పెట్టేవాళ్ళు ఊళ్ళోకి వస్తారు, తీయించుకోవాలంటే ఆమే వెళ్ళాలి. దారి ఖర్చు, పోయిన కూలి, మొగుడికి చెప్పాల్సిన కారణం, అన్నీ ఆమెవే. తీరా వెళ్తే, "ఇంకా గడువుంది కదమ్మా, రక్తస్రావం అదే సర్దుకుంటుంది" అనే మాట చాలా చోట్ల వినిపించేదే.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనది కాదు. ఉన్నది కాస్త డబ్బు, కొద్దిమంది నర్సులు. కాన్పుల్లో తల్లులు పోతున్న చోట, ముందు ఎక్కువమందికి అందించి, తీసే సంగతి తర్వాత చూసుకోవడం న్యాయమే కదా? పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నామె మళ్ళీ వెనక్కి రాలేదు. ఆ ఒప్పుకోలు చెల్లినప్పుడు ఇది ఎందుకు చెల్లదు?

తేడా చెప్పిన మాటలో ఉంది. ఆపరేషన్ చేసేముందు, ఇది శాశ్వతం అని చెప్పాలి. ఇంప్లాంట్ పెట్టేటప్పుడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు అని చెబుతారు. ఆమె ఒప్పుకున్నది ఆ మాట మీద. మాత్రలు వేసుకునే మనిషి రేపు ఎవర్నీ అడక్కుండా మానేయగలదు. ఇంప్లాంట్ వందలో తొంభై తొమ్మిదిమందికి పైగా పనిచేసేది రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టే. ఆమె చేతిలో ఉండే నిర్ణయం ఇంకొకరి చేతికి వెళ్ళింది కూడా అందువల్లే. కాబట్టి పెట్టడం, తీయడం రెండు వేర్వేరు సేవలు కావు. రెండోది లేకపోతే మొదటిది సగంలో ఆగిన పని.

మనకిది కొత్త సంగతి కాదు. పటాన్‌చెరులో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగాలు జరిగినప్పుడు, ఆడవాళ్ళకి అసలు సంగతి చెప్పకుండా చేస్తున్నారని హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్ళు, మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇప్పుడు మన దేశంలో కూడా కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఇంప్లాంట్లు మొదలుపెట్టాయి.

పద్మవ్యూహం అనగానే అభిమన్యుడికి బయటికి రావడం తెలీదన్నదే మనకి గుర్తుంటుంది. ఆ సంగతి అతను ముందే చెప్పాడు. నువ్వు దారి చెయ్యి, వెనకే మేం వస్తాం అని మాటిచ్చింది పెద్దవాళ్ళు. సైంధవుడు అడ్డుపడ్డాడు, నిజమే. యుద్ధంలో ఎవరో ఒకరు అడ్డుపడతారని వాళ్ళకి తెలీదా?

అందుకే ఎన్ని పెట్టారు అన్న లెక్క చూపించినప్పుడల్లా నేను ఇంకో రెండు అడుగుతాను. తీయమని ఎంతమంది వచ్చారు? వాళ్ళలో ఎంతమందికి, కారణం చెప్పమని నిలదీయకుండా, ఆ రోజే తీశారు?