ధర పలికాక తగ్గించమంటే?

ఆదోని మార్కెట్ యార్డుకు ఎమ్మిగనూరు వైపు నుంచి కూడా పత్తి వస్తుంది. ఇప్పుడు ఈ-నామ్ ద్వారా కంప్యూటరులో ధర వేస్తారు. ఎక్కువ ధర వేసి లాటు దక్కించుకున్న వ్యాపారి, తూకం దగ్గర "తేమ ఉంది, క్వింటాలుకు 200 తగ్గించు" అన్నాడనుకోండి. రైతు పత్తిని మళ్ళీ బండికెత్తుకొని పోలేడని అతనికి తెలుసు.

వేలం ధర్మసమ్మతమే. దైవప్రవక్త (స) ఒక పేద అన్సారీ కోసం అతని గుడ్డను, పాత్రను స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే మరొకరు రెండిచ్చి తీసుకున్నారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బేరం కుదిరాక అది ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమని సూరె మాయిదా మొదటి ఆయతులోనే ఆజ్ఞ ఉంది.

మరి సరుకులో నిజంగానే లోపం ఉంటే? హనఫీ ఫిఖహ్ ప్రకారం, కొనేటప్పుడు కనబడని లోపం బయటపడితే కొన్నవాడికి దారులు రెండే: పూర్తి ధరకు తీసుకోవటం, లేదా తిరిగి ఇచ్చేయటం. సరుకు ఉంచుకొని తన ఇష్టానికి ధర కోసే హక్కు లేదు. అమ్మినవాడు మనస్ఫూర్తిగా రాజీపడితే అది వేరు. లేని తేమ చూపి లాక్కున్న 200 మాత్రం హరామ్.

రైతు సోదరులు కూడా వినాలి. నీళ్ళు చల్లి, పైన ఎండు పత్తి పరచి తెచ్చేవారు లేరా? ప్రవక్త (స) ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టినప్పుడు తడి తగిలింది. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు, మోసగాడు తన వాడు కాడన్నారు.

పొరపాటున ఒక అంకె ఎక్కువ నొక్కినవాడు నిజం చెప్పి, ఒప్పందం రద్దు చేయమని అడగవచ్చు. దీన్ని ఇఖాలా అంటారు. అందుకు ఒప్పుకున్నవాడి తప్పులను అల్లాహ్ మన్నిస్తాడని హదీసులో ఉంది. అయితే అది రైతు చేసే మేలే గాని, అడిగేవాడి హక్కు కాదు. అడిగేదేదో తూకానికి ముందే అడగాలి, పత్తి గోడౌనుకు చేరాక కాదు.