తేదీ కూడా సాక్ష్యమే

దినపత్రిక చేతికి రాగానే కొందరు ముందుగా వెతికేది 'చరిత్రలో ఈ రోజు' అనే శీర్షిక. ఫలానా తేదీన యుద్ధం మొదలైంది, ఫలానా నగరం మీద బాంబులు పడ్డాయి, ఇంతమంది చనిపోయారు అని రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల మీదనైతే ఇలాంటి రోజువారీ కథనాలు పెద్ద పెద్ద పుస్తకాలుగానే వచ్చాయి. ఇప్పుడు ఆ వాక్యాలే ప్రతి ఉదయం సెల్‌ఫోన్లలో చేతులు మారుతున్నాయి. మనం చదువుతాం, నలుగురికీ పంపుతాం, మరచిపోతాం.

అందులో ఒక తేదీ తప్పయితే? ఒక అంకె ఎక్కువో తక్కువో పడితే? "ఎప్పుడో జరిగినదానికి ఒకరోజు అటూ ఇటూ అయితే నష్టమేమిటి? చనిపోయినవారు తిరిగొస్తారా?" అని చాలామంది అంటారు. ఈ మాట పైకి సబబుగానే కనిపిస్తుంది. కాని నిజంగా సబబైనదేనా? కొన్ని యదార్థ సంఘటనలను ముందు పెట్టుకుని ఆలోచిద్దాం.

ఒక సమాధి రాయి

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు ఆగింది. యుద్ధ విరమణ పత్రం మీద సంతకాలు మాత్రం ఆరోజు తెల్లవారుజామున, 5 గంటలు దాటిన కొద్దిసేపటికే జరిగాయి. అంటే యుద్ధం ముగిసిందని పెద్దలకు తెలిసిన తర్వాత కూడా దాదాపు ఆరు గంటలపాటు తుపాకులు మోగుతూనే ఉన్నాయి. ఆ ఒక్కరోజే ఇరుపక్షాలలో వేలమంది చనిపోయారు, గాయపడ్డారు.

వారిలో ఒకడు ఒగుస్తిన్ త్రెబుషాన్ అనే ఫ్రెంచి సైనికుడు. గొర్రెల కాపరి. 1914 ఆగస్టు నుంచి యుద్ధంలోనే ఉన్నాడు. నాలుగేళ్ళు ప్రాణాలతో నెగ్గుకొచ్చినవాడు, 11 గంటలకు ఇంకా పది పదిహేను నిమిషాలు ఉందనగా మ్యూజ్ నది ఒడ్డున వార్త మోసుకెళుతూ తూటాకు బలయ్యాడు. ఆ యుద్ధంలో నేలకొరిగిన చివరి ఫ్రెంచి సైనికుడిగా అతని పేరు చెబుతారు. కాని అతని సమాధి మీద ఏ తేదీ ఉందో తెలుసా? నవంబరు 10! అక్కడ చివరిరోజు చనిపోయిన మరికొందరు ఫ్రెంచి సైనికుల విషయంలోనూ ఇదే జరిగింది. సంతకాలయ్యాక కూడా మనుషుల్ని బలిపెట్టామని రాసుకోవడానికి అధికారులకు మొహం చెల్లలేదని అనేకుల అభిప్రాయం.

ఒక్కరోజు తేడాయే. కాని ఆ ఒక్కరోజు వెనక్కి జరపడంతో "ఇతను ఎందుకు చనిపోవలసివచ్చింది?" అన్న ప్రశ్నే మాయమైంది. 10వ తేదీన చనిపోతే అతడు యుద్ధంలో చనిపోయినట్టు. 11వ తేదీన చనిపోతే ఎవరో సమాధానం చెప్పవలసి ఉంటుంది. తేదీ అనేది ఒట్టి అంకె కాదు, అదొక సాక్ష్యం అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండు తేదీలు, రెండూ నిజమే

అలాగని తేదీలు కలవకపోయిన ప్రతిచోటా ఎవరో అబద్ధమాడారని తీర్మానించడం కూడా అన్యాయమే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లొంగిపోయింది ఏరోజు? 1945 మే 7న తెల్లవారుజామున 2 గంటల 41 నిమిషాలకు ఫ్రాన్సులోని రైమ్స్ నగరంలో సంతకాలయ్యాయి. అది అమలులోకి వచ్చింది మే 8 రాత్రి. అదే రాత్రి పొద్దుపోయాక బెర్లిన్‌లో సోవియట్ సైన్యం ఎదుట మళ్ళీ సంతకాలు జరిగాయి. అప్పటికి మాస్కో గడియారాల్లో 9వ తేదీ వచ్చేసింది. అందుకే బ్రిటన్, అమెరికాలు 8న, రష్యా 9న విజయదినం జరుపుకుంటాయి. మూడు తేదీలూ నిజమే. ఏ తేదీ దేనికి చెందినదో చెప్పకపోతేనే అది పొరపాటవుతుంది.

మరో ఉదాహరణ చూడండి. జపాన్ విమానాలు హవాయిలోని పెరల్ హార్బర్ మీద దాడిచేసింది 1941 డిసెంబరు 7. మలయాలోని కోట బారు తీరంలో జపాన్ సైన్యం దిగింది డిసెంబరు 8. తేదీలు మాత్రమే చూసేవాడు పెరల్ హార్బర్ ముందు, మలయా తర్వాత అని రాసేస్తాడు. నిజానికి కోట బారు దాడి గంటకు పైగా ముందే మొదలైంది. అంతర్జాతీయ దినరేఖకు అటు ఒక తేదీ, ఇటు ఒక తేదీ! ఆ అర్ధరాత్రి కోట బారు ఒడ్డున తొలి దెబ్బ కాచుకున్నవారు భారతీయ సైనికులు, డోగ్రా రెజిమెంటువారు. ఒక చిన్న లెక్క సరిచూసుకోనందువల్ల వారి వంతు కథలో వెనక్కిపోతుంది.

అబద్ధమాడనివారి పొరపాటు

1940 సెప్టెంబరు 15న ఇంగ్లండు ఆకాశంలో భీకర పోరాటం జరిగింది. ఆరోజు 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ల సొంత రికార్డులు తెరిచి చూస్తే వారు పోగొట్టుకున్నవి దాదాపు 60 మాత్రమే!

మరి ఆ పైలట్లందరూ అబద్ధాలకోరులా? కానేకాదు. ఒకే విమానాన్ని ముగ్గురు వేరువేరు దిక్కుల నుంచి కాల్చారు. అది పొగలు కక్కుతూ మేఘాల్లోకి జారిపోతుంటే ముగ్గురూ కళ్ళారా చూశారు. ముగ్గురూ నిజాయితీగా "నేను కూల్చాను" అన్నారు. ఒకటి మూడయింది. పొగ కక్కిన విమానం ఒక్కోసారి ఎలాగో ఇంటికి చేరుకుంది కూడా. జర్మన్ పైలట్ల లెక్కలూ ఇలాగే పెరిగాయి.

ఇందులో మనకొక గొప్ప పాఠం ఉంది. చెప్పినవాడు మంచివాడైనంత మాత్రాన చెప్పింది సరైనదైపోదు. నిజాయితీ వేరు, ఖచ్చితత్వం వేరు. సాక్షి గుణం చూడాలి, దానితోపాటు అతడు ఎక్కడ నిలబడి చూశాడో, ఎంత చూడగలిగాడో కూడా చూడాలి.

ఒక సున్నా విలువ

1945 ఫిబ్రవరి 13 నుంచి 15 వరకు బ్రిటిష్, అమెరికన్ విమానాలు జర్మనీలోని డ్రెస్డెన్ నగరాన్ని కాల్చి బూడిద చేశాయి. అప్పటివరకు దొరికిన శవాలు 20,204 అని స్థానిక పోలీసుల నివేదిక లెక్క చెప్పింది. నాజీల ప్రచార యంత్రాంగం చేతిలో ఆ అంకె పక్కన ఒక సున్నా చేరింది. అది 2,02,040 అయింది! ఆ కల్పిత అంకె దశాబ్దాల తరబడి పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ పోయింది. చివరికి ఆ నగరమే 2004లో చరిత్రకారుల సంఘాన్ని నియమించింది. శ్మశానాల రికార్డులు, జనన మరణ పత్రాలు, త్రవ్వకాలు అన్నీ పరిశీలించి, మృతుల సంఖ్య గరిష్ఠంగా 25,000 అని ఆ సంఘం 2010లో తేల్చింది.

"25,000 మంది అమాయకులు చనిపోవడం చాలదా? అంకెల గొడవ ఎందుకు?" అని అడగవచ్చు. నిజమే, చాలు. చాలు కాబట్టే దానికి సున్నా తగిలించనక్కర్లేదు. లేని మృతులను కల్పించినవాడు ఉన్న మృతులకు మేలు చేయడు. అబద్ధం బయటపడిన రోజున వినేవాడు మొత్తం కథనాన్నే కొట్టిపారేస్తాడు. పైగా ఆ పెంచిన అంకెను చేతబట్టుకుని నాజీల ఘోరాలను తేలిక చేసి చూపాలని ప్రయత్నించినవారూ ఉన్నారు.

అబద్ధం ఖరీదు ఎంతో మొదటి ప్రపంచ యుద్ధమే చూపించింది. జర్మన్లు తమ సైనికుల శవాలను ఉడికించి కొవ్వు తీస్తున్నారని 1917లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. అది కట్టుకథ. 1925లో బ్రిటన్ విదేశాంగ మంత్రి పార్లమెంటులో జర్మనీ ఖండనను అంగీకరించవలసి వచ్చింది. కొన్నేళ్ళకు నాజీలు నిజంగానే లక్షలాది యూదులను చంపుతున్నారన్న వార్తలు వచ్చినప్పుడు, "ఇదీ పాత కథలాంటిదే కాబోలు" అని అనుమానించినవారు తక్కువేమీ కాదు. "నాన్నా పులి" కథ మనకు తెలిసిందే. ఇక్కడ అరిచినవాడు ఒకడు, పులి నోట పడినవారు వేరొకరు.

అబద్ధాలకోరు నిజం చెబితే?

1943 ఏప్రిల్‌లో జర్మన్లు రష్యాలోని కాటిన్ అడవిలో పోలండు సైనికాధికారుల సామూహిక సమాధులు బయటపడ్డాయని ప్రకటించారు. సోవియట్లే చంపారన్నారు. కాదు, 1941లో ఆ ప్రాంతం జర్మన్ల చేతికి వచ్చాక వాళ్ళే చంపారని సోవియట్ ప్రభుత్వం అంది. ఇక్కడ మొత్తం నేరం తేదీ మీదే ఆధారపడి ఉంది! 1940 అయితే ఒకరు హంతకులు, 1941 అయితే ఇంకొకరు.

శవాల జేబుల్లో దొరికిన ఉత్తరాలు, డైరీలు, పత్రికలు 1940 వసంతంతో ఆగిపోయాయి. అయినా చెప్పింది నాజీలు కాబట్టి నమ్మడానికి లోకం వెనకాడింది. 1990 ఏప్రిల్ 13న సోవియట్ ప్రభుత్వం ఆ నేరం తమ రహస్య పోలీసులదేనని ఒప్పుకుంది. ఆ వసంతంలో కాటిన్‌లోనూ ఇతర చోట్లా చంపబడిన పోలండు వాసులు దాదాపు 22,000 మంది. వారి భార్యాబిడ్డలు ఒక నిజమైన తేదీ కోసం యాభై ఏళ్ళు ఎదురుచూశారు.

దుర్మార్గుడు వార్త తెస్తే ఏంచేయాలో దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో బోధించింది. గుడ్డిగా నమ్మమని చెప్పలేదు. వినకుండా తోసిపుచ్చమనీ చెప్పలేదు. విచారించి తెలుసుకోమంది, తెలియకుండా ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి రాకుండా చూసుకోమంది. కాటిన్ విషయంలో లోకానికి కావలసింది సరిగ్గా ఆ విచారణే.

విచారణ ఎలా?

హదీసు విద్వాంసులు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు అది ఎవరి నోట ఎవరికి చేరిందో గొలుసు మొత్తం పరిశీలించేవారు. ఫలానా గురువు దగ్గర విన్నానని ఒకడు అంటే, ఆ గురువు ఏ సంవత్సరం మరణించాడు, ఇతడు ఏ సంవత్సరం పుట్టాడు అని లెక్కవేసేవారు. తేదీలు కలవకపోతే అబద్ధం అక్కడే పట్టుబడేది. యుద్ధ కథనాలకూ ఈ జాగ్రత్తే అవసరం.

మొదట అడగవలసింది, ఇది ఎవరు, ఎప్పుడు రాశారు? బ్రిటిష్, భారతీయ సైనిక దళాలు ఏరోజుకారోజు యుద్ధ డైరీ రాసేవి. అదేరోజు రాసిన డైరీకీ, ముప్ఫై ఏళ్ళ తర్వాత రాసుకున్న జ్ఞాపకాలకూ తేడా ఉంటుంది. అయితే డైరీ కూడా అలసిపోయిన మనిషి రాసిందే. అర్ధరాత్రి దాటిన దాడిని ఏ తేదీ కింద వేశాడో చూసుకోవాలి.

రెండవది, సాక్షులు ఎందరు? పది పుస్తకాల్లో ఒకే అంకె ఉన్నంత మాత్రాన సాక్షులు పదిమంది కారు. పదిమందీ ఒకే పుస్తకం చూసి రాసి ఉండవచ్చు. డ్రెస్డెన్ సున్నా అలాగే బతికింది.

మూడవది, ఎదుటిపక్షం రికార్డు ఏమంటోంది? నువ్వు కూల్చిన విమానాల లెక్క నీకంటే పోగొట్టుకున్నవాడికే బాగా తెలుస్తుంది.

నాల్గవది, ఏ ఊరి గడియారం ప్రకారం ఈ సమయం చెప్పారు?

ఇన్ని చూశాక కూడా తేలకపోతే "తేలలేదు" అని రాయడమే నిజాయితీ. రెండు అంకెల మధ్య తేడా ఉంటే రెండూ ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

మన ఇళ్ళలోనూ ఇలాంటి సాక్ష్యాలున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆనాటి భయం గురించి తాతలు, నాయనమ్మలు చెప్పిన మాటలు కొన్ని కుటుంబాల్లో ఇంకా వినిపిస్తాయి. వాటిని కొట్టిపారేయకూడదు. తేదీకీ, లెక్కకూ వాటిమీదే ఆధారపడనూకూడదు. వారి భయం వారి నోటి నుంచి తీసుకోవాలి, తేదీ రికార్డు నుంచి తీసుకోవాలి.

అసలు పరీక్ష

పాఠక మిత్రులారా! వీటన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. మనకు నచ్చని అంకెను మనం పదిసార్లు పరీక్షిస్తాం. నచ్చిన అంకెను ఒక్కసారి కూడా పరీక్షించం. శత్రువు చేసిన ఘోరం అంటే వెంటనే నమ్ముతాం, మనవాళ్ళు చేశారంటే సాక్ష్యం అడుగుతాం. తమకు వ్యతిరేకంగానైనా సరే న్యాయంగా సాక్ష్యం చెప్పాలని విశ్వసించేవారికి ఈ ద్వంద్వ నీతి తగదు. తమకు అనుకూలంగా ఉన్న అంకెను కూడా అంతే కఠినంగా తూచగలిగినవారే నిజమైన సాక్షులు.

కాబట్టి ఈసారి ఏ యుద్ధం గురించిన వాక్యమైనా మీ చేతికి వస్తే, పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. ఎవరు చెప్పారు, వారికెలా తెలుసు అని అడగండి. తప్పు పంపినట్టు తర్వాత తెలిస్తే, ఎవరెవరికి పంపారో వారందరికీ సవరణ కూడా పంపండి. తప్పు ఎంత దూరం వెళ్ళిందో సవరణ కూడా అంత దూరం వెళ్ళాలి.

చనిపోయినవారు తిరిగిరారన్నది నిజం. అందుకే వారి తరఫున మాట్లాడేవారి బాధ్యత మరింత పెరుగుతుంది. "నేను చనిపోయింది ఆరోజు కాదు" అని లేచి చెప్పలేరు కదా! ఆ ఫ్రెంచి గొర్రెల కాపరికి ప్రాణం తిరిగి ఇవ్వడం ఎవరి తరమూ కాదు. కాని అతని నుంచి లాక్కున్న ఆ ఒక్కరోజును తిరిగి ఇవ్వడం, నవంబరు 11 అని సరిగా రాయడం, రాసే ప్రతి ఒక్కరి చేతిలోని పని.