నంబర్లు కలిసిన తుపాకి

పాత సైనిక తుపాకులు సేకరించేవాళ్లకి 'మ్యాచింగ్ నంబర్స్' అంటే ప్రాణం. త్రీ నాట్ త్రీ లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు మీదా, రిసీవర్ మీదా ఒకే నంబరుంటే దాని ధరే వేరు. నిజానికి ఆ నంబరు కొట్టింది ధర కోసం కాదు. ఏ బోల్టుని ఏ రిసీవర్‌కి సరిచూసి బిగించారో గుర్తుండడానికి. వేరేది పెడితే తూటా వెనక సందు తేడా వచ్చి, పేల్చేవాడికే ప్రమాదం.

కానీ తుపాకి వాడకంలో ఉన్నన్నాళ్లూ విరిగిన కర్ర మార్చారు, అరిగిన బ్యారెల్ మార్చారు. సిరిసిల్లలో మగ్గం సంగతీ అంతే. నాడె మారినా, పన్నె మారినా అది తాత మగ్గమే. మార్చడం అబద్ధం కాదు. కొత్త ముక్క మీద పాత నంబరు కొట్టడం అబద్ధం. మా భాషలో చెప్పాలంటే, కోడ్ ఎంతైనా మార్చు, కమిట్ హిస్టరీ మాత్రం చెరపకు.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో పోలీసుల భుజాన ఉన్నది ఈ త్రీ నాట్ త్రీయే. అలాంటిదొకటి రేపు గాజుపెట్టెలోకి చేరితే, గీతలన్నీ రుద్ది మెరిపించి 'ఒరిజినల్' అంటారేమో. అది ఎటు గురిపెట్టిందో చెప్పకుండా, నంబర్లు కలిసినంత మాత్రాన సరిపోతుందా?