గాంధారమునకు దారి యెటు?

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు చెప్పిన చిన్న దృష్టాంతమొకటి కలదు. గాంధారదేశవాసి నొకనిని కన్నులకు గంతలు కట్టి తెచ్చి నిర్జనప్రదేశమున విడిచిరి. అతడు నలుదిక్కులకు తిరిగి మొరపెట్టుకొనెను. దయగల పురుషుడొకడు ఆ గంతలు విప్పి, గాంధారము ఫలానా దిక్కున నున్నది, అటు పొమ్మని చెప్పెను. బుద్ధిమంతుడగుటచే అతడు ఊరూరా అడుగుచు స్వదేశము చేరుకొనెను. ఆచార్యుని ఆవశ్యకతను తెలుపు ఈ ఘట్టమును నేను ముప్పది సంవత్సరములు పాఠము చెప్పితిని. ఇందలి లౌకికార్థము మాత్రము నాకు ఇటీవలనే, అదియును నా తప్పిదము మూలముననే, తెలియవచ్చినది.

మా సన్నిధివీధిలో పూలమాలలు కట్టి జీవించు ఒక గృహస్థు కుమారుడు 2023వ సంవత్సరమున ఇంటర్మీడియట్ చక్కగా పూర్తిచేసి, ఏపీ ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకొనెను. ఆ వంశమున కళాశాల గడప త్రొక్కినవారు లేరు. తండ్రి వానిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చి, "స్వామీ, ఇక ముందేం చెయ్యాలో మాకు తెలీదు. తమరు చదువుకున్నవారు, చెప్పండి" అనెను. నేను అక్షతలు వేసి, విద్యావంతుడవు కమ్మని దీవించి, అంతయు భగవంతుడే చూచుకొనునని చెప్పి పంపితిని. ఆశీర్వచనముతో నా పని తీరినదనుకొంటిని.

ఆ బాలుడు ఇంటర్నెట్ కేంద్రమునకు పోయి వెబ్ ఆప్షన్లలో రెండే రెండు కళాశాలల పేర్లు పెట్టెను. వానికి వినికిడిలో నున్నవి ఆ రెండే. మరియొక కారణమును కలదు, అది తలచుకొన్నపుడెల్ల నా మనస్సు కలుక్కుమనును: ఎక్కువ కోరినచో ఆశపోతు అనుకొందురేమోయని వాడు జంకెను! ఆ రెండును వాని ర్యాంకునకు అందలేదు. రెండవ విడత యున్నదని చెప్పినవారు లేరు. శ్రావణమాసము నాటికి వాడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణములో నిలబడియుండుట చూచితిని. "సీటు రాలేదు స్వామీ, నా రాత" అనెను. నేనును ప్రారబ్ధమని తల ఊపితిని.

అది ప్రారబ్ధము కాదని నాకు తెలిపినవాడు, ప్రస్తుతము అధ్యాపకుడుగా నున్న నా పూర్వశిష్యుడు. ఆ పద్ధతిలో ఎన్ని కళాశాలలనైనను వరుసగా పెట్టుకొనవచ్చునట. అందులకు వేరే రుసుము లేదు. వరుసలో పైనుండి క్రిందికి చూచి, ర్యాంకునకు అందిన మొదటి సీటును ఇత్తురు. అందనిదానిని పైన పెట్టినంత మాత్రమున క్రిందిదానికి నష్టము లేదు. ఇంతే రహస్యము! లెక్చరరు గారి బిడ్డకు ఈ విషయము రాత్రి భోజనముల వేళ ఊరక చెవిని పడును. పూలంగడి వాని బిడ్డకు ఎక్కడ పడును?

తెలివి వేరు, తెలిసియుండుట వేరు. మొదటిది వానికి సమృద్ధిగా నున్నది. రెండవది నా యొద్ద నుండియు నేను ఈయలేదు, సంపాదించుటకైనను యత్నింపలేదు. నన్ను మా తాతగారు చేయిపట్టుకొని పాఠశాలకు తీసికొనిపోయిరి. ఎవరింట వారములు చేసికొనవలెనో, అధ్యాపకుల యెదుట ఎట్లు కూర్చుండవలెనో, పంచకావ్యముల తరువాత ఏ శాస్త్రమో నేను ఎవరిని అడిగి యెరుగను. ఆ దారియంతయు నాకు వారసత్వముగా వచ్చినది. అరువది యేండ్లు నిండువరకు దానిని నా ప్రజ్ఞయనియే భ్రమించితిని.

అయినచో దారి చూపుట దానమా, ఋణమా? దానమైనచో ఇచ్చువాని ఇష్టము. ఋషిఋణము అధ్యయనముచే తీరునని పెద్దలందురు. అప్పనముగా పొందిన దారిని మనతోనే ముగించుకొన్నచో ఆ ఋణము తీరినదని నేననుకొనను. "ఇప్పుడు అన్నీ సెల్‌ఫోనులోనే ఉన్నవి కదా, వెదకుకొనవచ్చును" అని కొందరు మిత్రులు వాదింతురు. పేరు తెలియని వస్తువును వెదకుట ఎట్లు? పదవ తరగతి మార్కులతోనే ఆరేండ్ల చదువునకు చేర్చుకొను రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008 నుండియు నున్నది. దాని మాట పదవ తరగతిలోనే తెలియవలెను, తరువాత తెలిసి లాభములేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయములకు 2022 నుండి సీయూఈటీ అను ఉమ్మడి పరీక్ష వచ్చినది. ఆ పేరే విననివాడు దేనిని వెదకును? ఆరవ తరగతి మొదలు ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కులధ్రువపత్రము, ఫీజు రీయింబర్స్‌మెంటునకు ఆదాయపత్రమో తెల్లరేషను కార్డో, వీనిలో ఒకటి లేకున్నను చివరి దినమున తహశీల్దారు కచేరి చుట్టు తిరుగుటయే.

దృష్టాంతములోని దయాళువు మరియొక పనియు చేయలేదు. "గాంధారము దూరము, ఈ ప్రక్క పల్లెలోనే ఉండిపొమ్ము" అనలేదు. మనము అందుము. ఆడపిల్లకు ఊరిలోని డిగ్రీ చాలునందుము, పేదవానికి త్వరగా పని దొరకునది చాలునందుము. అది ఒక్కొక్కపుడు సరియే కావచ్చును, కాని తేల్చుకొనవలసినది నడచువాడు. కమీషను కొరకు పిల్లలను చేర్పించు ఏజెంట్లు గంతలు విప్పుదురు గాని, తమ యింటి దిక్కునే చూపుదురు.

పూలవారి అబ్బాయిని మరుసటి సంవత్సరము మరల వ్రాయుమంటిని. "ఇంట్లో అప్పుంది స్వామీ" అని నవ్వెను. ఇప్పటికిని శనివారములందు తులసిమాల తెచ్చి మా గుమ్మమున పెట్టి పోవును. వాని ముఖము చూచుట నాకు కష్టముగా నుండును.

మొన్న కల్యాణకట్టలో పనిచేయు నొకరు కుమార్తెను తీసికొనివచ్చి, "ఏ కోర్సు మంచిదో మీరే రాసెయ్యండి స్వామీ" అనెను. "నీకేమి చదువవలెనని యున్నది తల్లీ?" అని ఆ పిల్లను అడిగితిని. ఆమె తండ్రి వంక చూచి, చాలసేపు నేల చూచి, "అందరూ నర్సింగు అంటున్నారు. నాకు లెక్కలంటే ఇష్టం" అనెను. నేను కాగితము తీసి, శిష్యునికి ఫోను చేసి, మొట్టమొదట చివరి తేదీ అడిగి వ్రాసికొంటిని.