ఎవరును చూడని మలుపు

అమెరికా దేశమందు చికాగో నగరమును ఆనుకొని, కుక్ కౌంటీ శివారు ఇండ్ల వెనుకనే, దాదాపు 70,000 ఎకరముల సంరక్షిత వనభూములు కలవు. 1914లో ప్రజలు ఓటు వేసి వాటి స్థాపనకు సమ్మతించిరి. అట్టి అడవి బాటలలో దూరపు పరుగు పందెములు జరుగుచుండును. నగర వీధులలోని మారథానుకు ఇరుప్రక్కల జనులు నిలిచి కేకలు వేయుదురు. అడవిలో చెట్లే సాక్షులు. బాట వంకరలు తిరిగి తనను తానే సమీపించుచోట, నాలుగు పొదలు దాటినచో రెండు మైళ్లు తగ్గిపోవచ్చును. అందరికంటె వెనుకబడినవాడు అట్లు దాటినచో ఎవరికి నష్టము?

గెలిచినవారి విషయములో జవాబు సులభము. 1980 ఏప్రిల్ 21న బోస్టన్ మారథానులో రోజీ రూయిజ్ స్త్రీలలో మొదటిదిగా గమ్యము చేరెను. ఆమె పూర్తి దూరము పరుగెత్తలేదని తేలి, ఎనిమిది దినములకు ఆ విజయము రద్దయ్యెను. కెనడా దేశస్థురాలు జాక్లిన్ గరో విజేతగా ప్రకటింపబడెను. పతకము ఆమెకు దక్కెను గాని, గమ్యమునొద్ద విజేతకు కలుగు ఆ ఘడియ తిరిగి రాలేదు.

చివరివాడో, ఎవరి మాలను అపహరింపడు. అయినను "నేను ముగించితిని" అను మాటను అతడు చెడగొట్టుచున్నాడు. ఆ మాటకు ప్రాణము దూరమే. కుంటుచు ఆ రెండు మైళ్లు నడిచి వచ్చినవాడును అదే మాట పలుకును. దాని విలువ ఇప్పుడు తగ్గినది. అంతేకాదు, గమ్యము చేరుటయే కోరికయైనచో మోటారుకారు చాలును. అతడు వచ్చినది బాట కొరకు. దానినే విడిచి తన్ను తానే దోచుకొనెను. కాలు బెణికి ఆగి, "ముగింపలేకపోతిని" అని ఒప్పుకొనువాడు ఓడినను అబద్ధికుడు కాడు.

తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో పౌలు క్రీడాకారుని పోలిక చెప్పెను. మన తెలుగు బైబిలు అతనిని జెట్టి అనుచున్నది. గ్రీకు మూలమందలి 'నొమిమోస్' అను పదమునకు నియమానుసారముగా అని అర్థము. నియమము కిరీటమునకు వెలుపలి కంచె కాదు; కిరీటమునకు అర్థమిచ్చునది అదియే.

ప్రియ చదువరులారా, లెక్కల పుస్తకము వ్రాయు గుమాస్తాకును, కఠిన వాక్యమును దాటవేయ జూచు అనువాదకునికిని ఇట్టి మలుపులు కలవు. దేవుడు చూచుచున్నాడని భయపడి బాట విడువనివాడు మంచివాడే. బాటను ప్రేమించి విడువనివాడు అంతకంటె స్వతంత్రుడు.